డార్ట్‌మూర్ కొండల్లో లెటర్‌బాక్స్ వేట: పిల్లలతో, పెద్దవాళ్లతో ఎటు వెళ్లవచ్చు?

ఎక్సెటర్_బాటసారి | ఏప్రిల్ 12, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మే నెలాఖరు బడి సెలవుల్లో మా అత్తమామలు విజయవాడ నుంచి వస్తున్నారు. ఈసారి వాళ్లను లండన్ చుట్టూ తిప్పకుండా, ఇంగ్లండులోని డెవన్‌లో మాకు కూతవేటు దూరంలో ఉన్న డార్ట్‌మూర్ నేషనల్ పార్కుకు తీసుకువెళ్లాలని ఉంది. మా పెద్దమ్మాయి బడిలో లెటర్‌బాక్సింగ్ గురించి విని వచ్చింది. కొండల్లో రాళ్ల కింద చిన్న పెట్టెలు దాచి ఉంటాయట, ఒక్కో దానిలో ఒక రబ్బరు స్టాంపు, ఒక పుస్తకం ఉంటాయట. ఆధారాలు చదువుకుంటూ, దిక్సూచితో వాటిని వెతకాలి. అప్పటి నుంచి ఇంట్లో వేరే మాట లేదు.

మామయ్యగారు రోజూ కృష్ణ ఒడ్డున నడిచే మనిషి, ఆయన గురించి బెంగ లేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. కానీ కథలంటే ఆవిడకు ప్రాణం. దారిలో చెప్పుకోవడానికి స్థానిక గాథలు ఉన్న చోటైతే ఆవిడకూ రోజు బాగా గడుస్తుంది. ఒక్క రోజులో వెళ్లి రాదగిన దారి ఎవరైనా చెప్పగలరా? మా దగ్గర కారు ఉంది, రైలైనా ఫరవాలేదు.

పాతపటం | ఏప్రిల్ 12, రాత్రి 10:32

నేను ప్లిమత్‌లో ఉంటాను. ఈ పిచ్చి చాలాకాలంగా ఉంది కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు మీ అమ్మాయికి ఇది చెప్పండి: ప్రపంచంలో ఈ ఆట మొదలైందే ఆ కొండల్లో. 1854లో చాగ్‌ఫర్డ్‌కు చెందిన జేమ్స్ పెరట్ అనే ఆయన యాత్రికులకు దారి చూపేవాడు. క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఆయన ఒక సీసా పెట్టాడు. అక్కడిదాకా నడిచి వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డును అందులో వేసేవారు. దారీ తెన్నూ లేని ఊబి నేల కావడంతో అక్కడికి చేరడమే గొప్ప. ఆ తర్వాత సీసా స్థానంలో రేకు పెట్టె వచ్చింది, 1905లో సంతకాల పుస్తకం చేరింది, 1937లో వెస్టర్న్ మార్నింగ్ న్యూస్ పత్రిక చొరవతో రాతి పెట్టె కట్టారు. జనం తమ చిరునామా రాసుకున్న పోస్టుకార్డును అందులో వదిలి వచ్చేవారు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని తీసుకువెళ్లి తమ ఊళ్లో పోస్టు చేసేవారు. కార్డు ఎన్నాళ్లకు ఇల్లు చేరుతుందో, ఎవరి చేతి మీదుగా చేరుతుందో చూడటం ఒక సరదా.

రెండో పెట్టె 1894లో బెల్‌స్టన్ టార్ దగ్గర వచ్చింది. 1938లో డక్స్ పూల్ దగ్గర మరొకటి పెట్టారు. అది డార్ట్‌మూర్ గురించి జీవితమంతా రాసిన విలియం క్రాసింగ్ జ్ఞాపకార్థం. చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పెట్టెలే ఉండేవి. 1970ల నుంచి అవి వేలకు పెరిగాయి.

మీకు క్రాన్‌మియర్ వద్దు. రానూ పోనూ రోజంతా పడుతుంది, మోకాళ్ల నొప్పితో అసలు కుదరదు. బెల్‌స్టన్ ఊరు చూడండి. ఎక్సెటర్ నుంచి ఓక్‌హాంప్టన్‌కు 2021 నవంబరులో మళ్లీ రోజువారీ రైలు వచ్చింది, 1972 తర్వాత అదే మొదలు. స్టేషను నుంచి ఈస్ట్ ఓక్‌మెంట్ నది వెంట మామయ్యగారు, పిల్లలు నడిచి రావచ్చు. అత్తయ్యగారిని కారులో నేరుగా ఊళ్లోకి తీసుకురండి.

మంజీర | ఏప్రిల్ 13, ఉదయం 7:05

సంగారెడ్డి నుంచి చదువుతున్నాను. ఆసక్తిగా ఉంది. కానీ పెట్టె దొరికాక ఏం చేస్తారు? అందులో ఏదైనా ఉంటే తెచ్చుకోవచ్చా? "టార్" అంటే ఏమిటి?

పాతపటం | ఏప్రిల్ 13, ఉదయం 8:20

మంజీర గారూ, టార్ అంటే కొండ నెత్తిన ఎవరో పేర్చి పెట్టినట్టు నిలబడిన గ్రానైట్ బండల గుట్ట. డార్ట్‌మూర్‌లో అలాంటివి నూట అరవైకి పైగా ఉన్నాయి.

పెట్టెలోంచి ఏదీ తీసుకురాకూడదు. దానిలోని స్టాంపును మన పుస్తకంలో ముద్రించుకుంటాం, మన సొంత స్టాంపును దాని పుస్తకంలో ముద్రించి, పేరు, తేదీ రాస్తాం. తర్వాత పెట్టెను ఎలా ఉన్నదాన్ని అలా, ఆ రాయి కిందే పెట్టి, దారిన పోయేవారి కంటపడకుండా కప్పి వస్తాం. పూర్వం తుపాకీ గుండ్ల ఇనుప పెట్టెలు వాడేవారు. ఇప్పుడు చాలావరకు మూత బిగుతుగా ఉండే మందుల డబ్బాలే. కనీసం వంద పెట్టెలు కనుగొన్నవాళ్లకు "హండ్రెడ్ క్లబ్" అని ఒకటి ఉంది, ఆధారాల జాబితా పుస్తకం వాళ్ల దగ్గర దొరుకుతుంది.

వంశధార | ఏప్రిల్ 13, ఉదయం 9:48

నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు. ఊబి నేలలో మైళ్ల కొద్దీ నడిచి, చివరికి ఒక రబ్బరు ముద్ర కొట్టుకుని రావడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కాదా? పైగా ఫోనులో జీపీఎస్ ఉండగా ఈ దిక్సూచి గొడవ ఎందుకు? జీపీఎస్‌తో దాచిన డబ్బాలు వెతికే జియోకాషింగ్ ఉంది కదా, అంకెలు కొడితే నేరుగా అక్కడికే తీసుకువెళ్తుంది.

తుంగభద్ర | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:15

వంశధార గారూ, మేం బ్రిస్టల్‌లో ఉంటాం, రెండూ ఆడతాం. జియోకాషింగ్ 2000 సంవత్సరం మే నెలలో అమెరికాలో మొదలైంది. అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో కావాలని పెట్టిన తప్పును తొలగించిన ఒకటి రెండు రోజులకే ఆరెగాన్‌లో మొదటి డబ్బా దాచారు. దాని ఆనందం దానికుంది. కానీ జియోకాషింగ్‌లో మా అబ్బాయి తెర వంకే చూస్తూ నడుస్తాడు. లెటర్‌బాక్సింగ్‌లో కొండ వంక చూడక తప్పదు, ఎందుకంటే ఆధారంలో ఉండేది ఆ కొండే. ఏ చెట్టు, ఏ బండ, ఏ మలుపు అని వాడు కళ్లు చిట్లించి వెతుకుతుంటే, ఇంట్లో అరగంట ఒకచోట కూర్చోని పిల్లవాడు వీడేనా అనిపిస్తుంది.

పాతపటం | ఏప్రిల్ 13, సాయంత్రం 6:40

తుంగభద్ర గారు చెప్పింది నిజం. ఆధారం ఎలా ఉంటుందో ఒకటి కల్పించి చూపిస్తాను, ఇది ఏ నిజమైన పెట్టెదీ కాదు:

"టార్ శిఖరం 245 డిగ్రీలు. ఒంటరి రోవాన్ చెట్టు 110 డిగ్రీలు. రెండుగా చీలిన బండ నుంచి పద్నాలుగు అంగలు ఎగువకు. బల్లపరుపు రాయి కింద, తూర్పు వైపు."

ఈ డిగ్రీలు దిక్సూచిలో ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కించే కోణాలు. టార్‌ను 245లో, చెట్టును 110లో చూడగలిగే చోటు నేల మీద ఒక్కటే ఉంటుంది. మీరు నిలబడ్డ చోట నుంచి చెట్టు 100 డిగ్రీలలో కనిపించిందనుకోండి, మీరు ఉండవలసిన దానికన్నా దక్షిణంగా ఉన్నట్టు. ఉత్తరానికి జరుగుతూ మళ్లీ చూసుకోవాలి. అది కుదిరేసరికి టార్ కోణం మారుతుంది. రెండింటినీ కలిపి సర్దుకుంటూ పోతే చీలిన బండ ముందు నిలబడతారు. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి.

ఒక జాగ్రత్త. పాత ఆధారాల కాగితాలు ఎవరైనా ఇస్తే, అందులోని కోణాలు అయస్కాంత ఉత్తరాన్ని బట్టి రాసినవేమో అడగండి. అయస్కాంత ఉత్తరం జరుగుతూ ఉంటుంది. 1980లలో ఇక్కడ పటంలోని ఉత్తరానికి, సూది చూపే ఉత్తరానికి సుమారు ఐదారు డిగ్రీల తేడా ఉండేది. ఇప్పుడు దాదాపు లేదు. 2022 నవంబరులో పక్కనున్న డోర్సెట్ తీరంలో లాంగ్టన్ మాట్రవర్స్ అనే ఊరి దగ్గర నిజ ఉత్తరం, పటపు ఉత్తరం, అయస్కాంత ఉత్తరం మూడూ ఒకే గీత మీదికి వచ్చాయి. నలభై ఏళ్ల నాటి కోణాన్ని ఇవాళ్టి సూదితో చూస్తే వేరే బండ ముందు తేలతారు.

పటం: ఆర్డ్‌నన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) వారి ఓఎల్28. ఫోను ఉన్నా కాగితపు పటం తీసుకువెళ్లండి. లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ ఉండదు.

కొండమల్లి | ఏప్రిల్ 13, రాత్రి 8:02

నేను ఓక్‌హాంప్టన్ వైపు ఉద్యోగం చేస్తున్నాను. ఎవరూ ఇంకా రాయని విషయాలు రాస్తాను, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

డార్ట్‌మూర్ ఉత్తర భాగంలో సైన్యం కాల్పులు సాధన చేసే ప్రాంతాలు మూడున్నాయి: ఓక్‌హాంప్టన్, మెరివేల్, విల్స్‌వర్తీ. క్రాన్‌మియర్ పూల్ ఓక్‌హాంప్టన్ ప్రాంతం లోపలే ఉంది. కాల్పుల వేళలు ముందే ప్రకటిస్తారు, వెళ్లే ముందు చూసుకోండి. కాల్పులున్న రోజు కొండల మీద ఎర్ర జెండా ఎగురుతుంది, రాత్రయితే ఎర్ర దీపం. సరిహద్దు వెంట ఎరుపు తెలుపు కొయ్యలు ఉంటాయి. జెండా ఉంటే ఆ కొయ్యలు దాటకూడదు. జెండా లేని రోజున కూడా నేల మీద లోహపు వస్తువేది కనిపించినా ముట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

రాళ్ల కింద చేతులు పెట్టే ఆట కాబట్టి ఇంకో మాట. ఇక్కడ ఆడర్ అనే విషపు పాము ఉంది. బ్రిటన్ మొత్తానికి విషపు పాము అదొక్కటే. మన నాగుపాముతో పోల్చదగినది కాదు, కాటుతో చనిపోవడం చాలా అరుదు, అయినా కాటు పడితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఎండ కాసే వసంతంలో బండల మీదికి వస్తుంది. చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి. దానికి దారి ఇస్తే అదే పోతుంది.

అసలు భయపడాల్సింది గోమార్లకు. గొర్రెలు, గుర్రాలు తిరిగే గడ్డిలో, బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో చిన్న చిన్న గోమార్లుంటాయి. లైమ్ వ్యాధి వాటి వల్లే వస్తుంది. పొడుగు ప్యాంటు, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవడం, ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుము దగ్గర చూసుకోవడం. కరిచిన చోట తర్వాతి వారాల్లో వలయంలా ఎరుపు కనిపిస్తే వైద్యుడికి చూపించండి.

మెరిసే పచ్చటి నాచు నేల కనిపిస్తే అందంగా ఉందని అడుగు వేయవద్దు, దాని కింద నీళ్లే.

ఎక్సెటర్_బాటసారి | ఏప్రిల్ 13, రాత్రి 9:30

కొండమల్లి గారూ, చాలా ధన్యవాదాలు. పాము సంగతి అత్తయ్యగారికి ఇప్పుడే చెప్పను! బెల్‌స్టన్ ఖాయం చేసుకున్నాం. ఇక కథలు ఎవరు చెబుతారు?

కథలపేటిక | ఏప్రిల్ 14, ఉదయం 6:55

నేను చెబుతాను. ఈ చర్చ చూసి రాత్రి నిద్ర పట్టలేదు. ఇంగ్లండులో ఉన్నన్నాళ్లూ నేను డెవన్ గాథలే చదివాను. ఇప్పుడు రాజమండ్రిలో ఉన్నా అవి నాతోనే ఉన్నాయి.

బెల్‌స్టన్‌తోనే మొదలుపెడదాం. ఊరి పచ్చిక మీద నేరస్థుల కాళ్లు బిగించే పాతకాలపు బొండకొయ్య ఇప్పటికీ ఉంది, అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెట్టి చూపించండి. అక్కడి నుంచి కొంచెం దూరంలో "నైన్ మెయిడెన్స్" అనే రాళ్ల వలయం. ఆదివారం పూట దైవప్రార్థన మాని నాట్యం చేశారని తొమ్మిది మంది కన్యలు రాళ్లయిపోయారు. రోజూ మిట్టమధ్యాహ్నం ఆ రాళ్లు కదిలి నాట్యం చేస్తాయంటారు. లెక్కపెట్టి చూడండి, తొమ్మిది కంటే ఎక్కువే తేలతాయి. నిజానికది కంచు యుగపు సమాధి దిబ్బ చుట్టూ పాతిన రాళ్ల వరస.

అక్కడి నుంచి పైకి చూస్తే టార్ మీదుగా కూలిన గోడ ఒకటి కనిపిస్తుంది, ఐరిష్‌మన్స్ వాల్. అందరూ పశువులు మేపుకునే బీడును కంచెలా మూసేయాలని ఐర్లండు కూలీల చేత గోడ కట్టించారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అంతా కలిసి వచ్చి దాన్ని నెట్టి పడేశారు. నాకు ఆ గోడ అంటే దెయ్యాల కథలన్నిటికంటే ఇష్టం.

ఇక క్రాన్‌మియర్ కథ, మీరు అక్కడికి వెళ్లకపోయినా చెప్పుకోవాల్సిందే. ఓక్‌హాంప్టన్ మేయరు బెంజమిన్ గేయర్ చనిపోయాక ఆత్మ అయి ఊరిని పీడించింది. బెంజీ గియర్ అంటారు జనం. మతగురువులు ఆ ఆత్మను పట్టి, "క్రాన్‌మియర్ మడుగులోని నీళ్లన్నీ జల్లెడతో తోడు, అంతవరకు నీకు విముక్తి లేదు" అని విధించారు. జల్లెడలో నీళ్లు నిలుస్తాయా? బెంజీ కొంతకాలం తోడాడు, తోడాడు. ఒకరోజు బీడులో చచ్చిన గొర్రె తోలు దొరికింది. దాన్ని జల్లెడలో పరిచాడు. అంతే, మడుగు మొత్తం ఒక్కసారిగా తోడి పారేశాడు, కింద ఓక్‌హాంప్టన్ ఊరు వరదలో మునిగింది! ఇప్పుడు క్రాన్‌మియర్ పూల్ పేరుకే మడుగు, అక్కడ నీళ్లుండవు, పీట్ మట్టి గుంట మాత్రమే.

మంజీర | ఏప్రిల్ 14, ఉదయం 7:40

గొర్రె తోలు దగ్గర గట్టిగా నవ్వేశాను. తెలివైన దెయ్యం! ఇంకా చెప్పండి.

కథలపేటిక | ఏప్రిల్ 14, ఉదయం 10:12

అదే ఊళ్లో మరో శిక్ష. లేడీ మేరీ హోవార్డ్, 1596లో పుట్టిన సంపన్న స్త్రీ, నలుగురు భర్తలు పోయారు. ఆ భర్తల ఎముకలతో చేసిన బండిలో, తల లేని సారథితో, నల్ల కుక్క తోడుగా ప్రతి రాత్రీ టావిస్టాక్ నుంచి ఓక్‌హాంప్టన్ కోటకు వస్తుందట. కోట దగ్గర ఒక్క గడ్డిపరక కోసుకుని వెనక్కి పోతుంది. కోట చుట్టూ గడ్డి అంతా అయిపోయిన నాడే ఆమెకు విడుదల. గడ్డి ఎప్పుడైనా అయిపోతుందా? చరిత్రలో ఆమె అంత చెడ్డదేమీ కాదు. ఆస్తి ఉన్న ఆడదాని మీద లోకం వేసిన నిందే కథ అయిందని నా నమ్మకం.

దక్షిణాన ఫాక్స్ టార్ దగ్గర చైల్డ్ సమాధి ఉంది. చైల్డ్ అనే వేటగాడు మంచు తుఫానులో చిక్కుకుని, గుర్రాన్ని చంపి దాని కడుపులో తలదాచుకున్నాడు, అయినా చనిపోయాడు. చనిపోయే ముందు రక్తంతో రాశాడు: నా శవాన్ని మొదట సమాధికి చేర్చినవారికే ప్లిమ్‌స్టాక్‌లోని నా భూములు. టావిస్టాక్ మఠంవాళ్లు శవాన్ని మోసుకొస్తుంటే ప్లిమ్‌స్టాక్‌వాళ్లు దారి కాశారు. మఠంవాళ్లు రాత్రికి రాత్రి వేరే చోట వంతెన కట్టి దాటించారు.

వైడికూంబ్ గుడి మీద 1638 అక్టోబరు 21న పిడుగు పడింది. ప్రార్థన జరుగుతుండగా నలుగురు చనిపోయారు, అరవై మంది దాకా గాయపడ్డారు, ఇది చరిత్ర. కథేమంటే, ఆ రోజు సైతాను పౌండ్స్‌గేట్ సత్రంలో ఆగి బీరు తాగాడు, గొంతులో దిగుతుంటే చుయ్యిమని శబ్దం వచ్చింది. తనకు ఆత్మను అమ్ముకున్న జాన్ రెనాల్డ్స్ పేకముక్కలు పట్టుకుని గుడిలో నిద్రపోతుంటే ఎత్తుకుపోయాడు. అతని చేతిలోని నాలుగు ఆసులు బర్చ్ టార్ దగ్గర రాలి నాలుగు రాతి దొడ్లయ్యాయి.

పిల్లలకు ఒక చిట్కా కూడా: పొగమంచులో దారి తప్పితే పిక్సీలు, అంటే కథల్లోని చిట్టి మాయ మనుషులు, తిప్పుతున్నాయని అర్థం, కోటు తిరగేసి తొడుక్కుంటే దారి దొరుకుతుందని పెద్దలు చెబుతారు.

కొండమల్లి | ఏప్రిల్ 14, ఉదయం 10:30

కోటు తిరగేసుకోవచ్చు. దానితోపాటు దిక్సూచీ, ఈలా, అదనపు స్వెట్టరూ ఉండాలి.

ఎక్సెటర్_బాటసారి | ఏప్రిల్ 14, రాత్రి 8:45

అద్భుతం. హౌండ్ టార్ దగ్గర కిట్టీ జే సమాధి గురించి పక్కింటావిడ చెప్పింది. మరో రోజు అక్కడికీ వెళ్లవచ్చా?

వంశధార | ఏప్రిల్ 14, రాత్రి 9:20

ఆ కథ నేనూ విన్నాను. మోసపోయిన అనాథ పిల్ల ఉరి వేసుకున్న కథను సెలవు రోజు సరదాలో కలపడం నాకు నచ్చలేదు. పెట్టె వెతకడానికి వెళ్లి ఒక పిల్ల సమాధి మీద ఫొటోలు దిగడం ఏమిటి? దెయ్యాలు, శాపాలు సరే. ఇది మాత్రం వద్దు.

కథలపేటిక | ఏప్రిల్ 15, ఉదయం 7:15

వంశధార గారూ, మీ బాధ నాకు అర్థమైంది, సగం ఒప్పుకుంటాను. ఫొటోల వేలంవెర్రి నాకూ కిట్టదు. కానీ ఆ కథను దాచకూడదని నా అభిప్రాయం. పద్దెనిమిదో శతాబ్దం చివరలో పొలం పనికి పెట్టిన పేద పిల్ల. ఆత్మహత్య చేసుకున్నవారిని గుడి ఆవరణలో పూడ్చనివ్వరు కాబట్టి నాలుగు దారుల కూడలిలో పూడ్చారు. చట్టం ఆ ఆచారాన్ని ఆపింది 1823లో. 1860లో రోడ్డు పనివాళ్లకు ఎముకలు దొరికితే, ఆ భూమి యజమాని వాటిని పెట్టెలో పెట్టించి గౌరవంగా తిరిగి పూడ్పించాడు. ఇవాళ్టికీ ఆ సమాధి మీద ఎప్పుడూ తాజా పూలుంటాయి. ఎవరు పెడతారో అంటే పిక్సీలంటారు. పిక్సీలు కాదు, దారిన పోయే మనుషులే. ఆమెను ఊరు వెలివేస్తే, ఇన్ని తరాలుగా ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆగి పూలు పెట్టి పోతున్నారు. పన్నెండేళ్ల అమ్మాయికి ఇది చెప్పవచ్చు. చిన్నవాళ్లకు పూల వరకు చెప్పండి.

పిల్లలకు నేను నిజంగా చెప్పనిది విష్ట్ హౌండ్ల కథ, విస్ట్‌మన్స్ అడవిలోని నల్ల వేటకుక్కలది. దాని ముగింపు పెద్దవాళ్లకే కష్టం.

వంశధార | ఏప్రిల్ 15, ఉదయం 11:02

పూల సంగతి నాకు తెలియదు. మీరు చెప్పిన తీరులో చెబితే అభ్యంతరం లేదు. కానీ అక్కడ పెట్టె మాత్రం ఉండకూడదు.

పాతపటం | ఏప్రిల్ 15, సాయంత్రం 7:00

ఉండకూడదన్నది నియమమే. పార్కు నియమావళి ప్రకారం పురాతన కట్టడాలలో, రాళ్ల వలయాలలో, సమాధి దిబ్బలలో, గోడలలో, పాడుబడిన ఇళ్లలో, తగరపు గనివాళ్ల గుడిసెలలో పెట్టె పెట్టరాదు. సిమెంటు వాడరాదు, జారిపడే ప్రమాదం ఉన్నచోట పెట్టరాదు. కాబట్టి నైన్ మెయిడెన్స్ వలయంలో గానీ ఐరిష్‌మన్స్ వాల్ రాళ్లలో గానీ వెతకనివ్వకండి. ఆ వలయంలో ఒక రాయి కదిపినా మూడు నాలుగు వేల ఏళ్ల పని చెడగొట్టినట్టే. విస్ట్‌మన్స్ అడవి లోపలికి కూడా వెళ్లవద్దని కోరుతున్నారు. అక్కడి మరుగుజ్జు ఓక్ చెట్ల మీద, బండల మీద పెరిగిన నాచు జనం తొక్కిడికి పోతోంది. అంచున నడిచి చూడండి చాలు.

ఇక్కడ అందరికీ ఒక విన్నపం. పెట్టె దొరికితే దాని చోటు తెలిసేలా ఫొటో ఇక్కడ పెట్టవద్దు. ఎవరో చలిలో మోకాళ్ల మీద కూర్చుని దాచినది అది. తర్వాతి పిల్లవాడికి అది మిగలాలి.

రాళ్లబాట | ఏప్రిల్ 16, ఉదయం 6:30

హైదరాబాదు నుంచి. టార్ల ఫొటోలు చూస్తే మా ఖాజాగూడ బండలే అనిపించాయి. రెండూ గ్రానైటే, రెండూ ఒకే రకంగా తయారైనవి. నేల లోపల ఉన్నప్పుడే పగుళ్ల వెంట నీరు దిగి రాయి కుళ్లుతుంది, పైమట్టి కొట్టుకుపోయాక గట్టి ముక్కలు ఒకదాని మీద ఒకటి మిగులుతాయి. వయసులోనే తేడా: డార్ట్‌మూర్ గ్రానైటుది సుమారు 28 కోట్ల ఏళ్లు, మనది దాదాపు 250 కోట్ల ఏళ్లు. వాళ్లు 1951లోనే 954 చదరపు కిలోమీటర్లను నేషనల్ పార్కు చేసి కాపాడుకున్నారు. మనం పలుగులతో, పేలుడు మందుతో మన బండలను కంకర చేసుకుంటున్నాం. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి పోరాడుతోంది, బండల మధ్య నడకలు నడిపిస్తోంది. ఇలాంటి పెట్టెల ఆట ఇక్కడ పెడితే పిల్లలు ఆ బండలను తమవి అనుకుంటారు కదా?

తుంగభద్ర | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:10

ఆలోచన బాగుంది. కానీ అక్కడ బహిరంగ స్థలంలో యజమాని తెలియని డబ్బా కనిపిస్తే జనం పోలీసులకు ఫోను చేస్తారు, చేయాలి కూడా. అభయారణ్యాలలోనైతే అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ పెట్టరాదు. బడి ఆవరణలోనో, తెలిసినవాళ్ల తోటలోనో, కళాశాల ప్రాంగణంలోనో అనుమతి తీసుకుని మొదలుపెట్టండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పుట్టగొడుగు రాయి ఉన్న ప్రాంగణం లాంటిది దీనికి ఎంత బాగుంటుంది!

రాళ్లబాట | ఏప్రిల్ 16, రాత్రి 9:00

అనుమతితోనే చేస్తాను. స్టాంపు ఎలా చేయాలి?

తుంగభద్ర | ఏప్రిల్ 17, ఉదయం 8:25

పెద్ద రబ్బరు కొనండి, పెన్సిలు గీతలు చెరిపేది. బొమ్మను మెత్తటి పెన్సిలుతో కాగితం మీద గీసి, కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది. తెలుగు అక్షరాలు కూడా అలా దింపితే ముద్రలో సరిగ్గా వస్తాయి. లినో అచ్చులు చెక్కే చిన్న ఉలితో గీతల చుట్టూ ఉన్నదాన్ని తీసేయాలి. తలకట్లు సన్నగా పెడితే విరిగిపోతాయి, కాస్త మందంగా ఉంచండి.

ఎక్సెటర్_బాటసారి | మే 30, రాత్రి 10:15

వెళ్లి వచ్చాం! మామయ్యగారు, పిల్లలు స్టేషను నుంచి నది వెంట నడిచి వచ్చారు, మేం కారులో. అత్తయ్యగారు బొండకొయ్యను చూసి "మా ఊళ్లో మునసబు దగ్గర ఇలాంటిదే ఉండేదని మా నాయనమ్మ చెప్పేది" అన్నారు. కర్ర పట్టుకుని మెల్లగా నైన్ మెయిడెన్స్ దాకా నడిచారు. పిల్లలు మధ్యాహ్నం పన్నెండింటికి రాళ్లు కదులుతాయేమోనని గడియారం చూస్తూ నిలబడ్డారు. ఈలోపు అత్తయ్యగారు అహల్య కథ చెప్పారు. చివర "అహల్యకు రాముడొచ్చాడు, ఈ పిల్లలకు ఎవరొస్తారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. కథలపేటిక గారూ, మీకేమైనా తెలుసా?

పెట్టె మామయ్యగారే పట్టుకున్నారు. మేమంతా కోణాలతో కుస్తీ పడుతుంటే ఆయన ఒక రాయి పక్కన గడ్డి పడుకున్న తీరు చూసి "ఇక్కడ మొన్నెవరో మోకాలు పెట్టారు" అన్నారు. కర్రతో తట్టి చూశాం. మందుల డబ్బా, దానిలో రెండు ప్లాస్టిక్ సంచులు, లోపల చిన్న పుస్తకం, స్టాంపు. పుస్తకం అంచులు చెమ్మగిల్లి ఉన్నాయి. మా పెద్దమ్మాయి తాను చెక్కిన తూనీగ స్టాంపు కొట్టింది, మామయ్యగారు తెలుగులో సంతకం చేశారు. చోటు చెప్పను, పాతపటం గారికి మాట ఇచ్చాను.

కథలపేటిక | మే 31, ఉదయం 6:20

అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి. ఆ కన్యల కథలో విముక్తి ఎవరూ చెప్పలేదు. రోజుకొక్కసారి నాట్యం చేసే అనుమతి మాత్రం జనం వాళ్లకు ఇచ్చుకున్నారు. ఏ పని చేసినందుకు శిక్షపడిందో ఆ పనే! అందుకే ఆ కథ నాకు శాపంలా అనిపించదు.

కొండమల్లి | మే 31, ఉదయం 7:50

సంతోషం. అందరినీ గోమార్ల కోసం చూశారా?

ఎక్సెటర్_బాటసారి | మే 31, ఉదయం 8:30

చూశామండి. చిన్నవాడి మోకాలి వెనక ఒకటి ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా తీసేశాం. ఆ చోటు రోజూ గమనిస్తున్నాం.

పాతపటం గారూ, రెండు ప్రశ్నలు. పుస్తకం చెమ్మగా ఉంటే మేం మార్చవచ్చా? పిల్లలు తమ సొంత పెట్టె పెడతామంటున్నారు. స్టాంపు మీద జల్లెడ పట్టుకున్న బెంజీ బొమ్మట, చుట్టూ తెలుగు అక్షరాలట. అలా పెట్టవచ్చా?

పాతపటం | మే 31, రాత్రి 9:05

పుస్తకం మీరు మార్చకండి, అది పెట్టినవారి జ్ఞాపకం. పొడి సంచి ఒకటి అదనంగా వేసి, ఆధారం ఇచ్చినవారికి కబురు చేయండి, వాళ్లే వచ్చి చూసుకుంటారు.

సొంత పెట్టె తప్పకుండా పెట్టవచ్చు, తెలుగు అక్షరాల బెంజీ అంటే నేనే మొదట వెతుక్కుంటూ వస్తాను. ఇప్పుడే తొందరపడకండి. జూన్ నుంచి బ్రాకెన్ నడుము దాకా పెరుగుతుంది, చోటు సరిగ్గా ఎంచుకోలేరు, గోమార్లూ ఎక్కువ. అది ఎండిపోయాక అక్టోబరులో వెళ్లి, దారికి దూరంగా, పాత రాళ్లకు దూరంగా, గొర్రె కాలు పడని బండ ఒకటి చూసుకోండి. గడియారాలు మార్చే ఆదివారం, అంటే మార్చి చివర, అక్టోబరు చివర, లెటర్‌బాక్సర్లు ఒకచోట కలుస్తారు. అక్టోబరు కలయికకు పిల్లల్ని తీసుకురండి. ఆధారం ఎలా రాయాలో, ఎవరికి ఇవ్వాలో అక్కడే నేర్పిస్తారు. ఈలోపు బెంజీ చేతిలో జల్లెడతోపాటు గొర్రె తోలు కూడా చెక్కమనండి.